గాలి మర ఎడమవైపున్న రైఫిల్

హాల్వర్ లిండెన్ నా కొట్టు మెట్లెక్కుతున్నాడంటే నాకు తలనొప్పి మొదలయ్యేది. ఇప్పుడు అతనూ లేడు, అతని భార్య అర్లీనూ లేదు కాబట్టి మంచి మాటలే రాయాలని కొందరంటారు. నాకది చేతకాదు. ఆ మనిషి ఒక చలికాలమంతా నన్ను వేపుకు తిన్నాడు.

మా నాన్న పెట్టిన కొట్టు ఇది. ముందు భాగంలో మేకులు, ముళ్ళ తీగ, పశువులు నాకే ఉప్పు దిమ్మలు ఉంటాయి. వెనక గోడంతా తుపాకులే. మోంటానాలో మా కార్మోడీ లాంటి ఊళ్ళో తుపాకీ కొనేవాడు కాఫీ చల్లారేలోపు తేల్చేస్తాడు. హాల్వర్ మాత్రం గోడకున్న ఒంటిగుండు రైఫిళ్ళన్నీ ఒక్కొక్కటే దింపించడం, చూడడం, తల అడ్డంగా ఊపడం, మళ్ళీ పెట్టించడం.

ఒంటిగుండు రైఫిల్ అంటే మావాళ్ళకి మమకారం. కింద లీవరు లాగితే ఇనప దిమ్మ జారి తూటా గది తెరుచుకుంటుంది. ఒక్క తూటా పెట్టాలి, కాల్చాలి, మళ్ళీ తెరవాలి. తాతల నాటి పద్ధతి, తాతల నాటి నల్ల తుపాకీమందు. హాల్వర్ వేసవిలో దాంతోనే పందేలకి వచ్చేవాడు, ఆకులు రాలే కాలంలో దాంతోనే జింకని కొట్టుకునేవాడు. రెండో తూటా అవసరమైన రోజు కొండ దిగి వచ్చాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

జిల్లా మట్టిరోడ్లు చదును చేసే గ్రేడరు నడిపి రిటైరైన మనిషి. మనిషి పొడుగు, మాట పొట్టి. అర్లీన్ అందుకు పూర్తిగా ఎదురు. బడి వంటశాలలో గరిటె తిప్పుతూ సగం ఊరిని తిట్టి పెంచింది. నన్నూ తిట్టింది, నాకు రెండోసారి బంగాళదుంపలు ఎప్పుడూ వెయ్యలేదు.

మా పందేల్లో దూరంగా గట్టు మీద ఇనప బొమ్మలు నిలబెడతారు. కోడి, పంది, టర్కీ కోడి, అన్నిటికన్నా వెనక పొట్టేలు. నల్ల తుపాకీమందు పేలగానే కళ్ళముందు తెల్లటి పొగ కమ్మేస్తుంది, కాల్చినవాడికి తన గుండు ఎక్కడ పడిందో తెలియదు. పక్కన ఒకరు దుర్భిణి పెట్టుకుని కూర్చుని, దుమ్ము ఎక్కడ లేచిందో, గాలి ఎటు మళ్ళిందో చెప్పాలి. దాన్నిబట్టి గురి చూసే సైటుకున్న చిన్న మర తిప్పుకోవాలి. దాన్ని మేం గాలి మర అంటాం.

హాల్వర్ పక్కన ఎప్పుడూ అర్లీనే. ఎడమవైపు మడతకుర్చీ వేసుకుని కూర్చునేది.

“ఎడమకి తిప్పు ముసలాడా. ఇంకొంచెం. నీ బొజ్జంత కాదు, ఓ వెంట్రుకంత!” అనేది. కాల్చేవాళ్ళ లైను మొత్తం నవ్వేది. హాల్వర్ మారుమాట లేకుండా తిప్పి కాల్చేవాడు. కాసేపటికి దూరం నుంచి టంగుమని ఇనప చప్పుడు వచ్చేది.

“కాల్చేది ఆవిడ. నేను వేలు మాత్రం కదుపుతాను” అనేవాడు ఎవరైనా పొగిడితే. అది వినయం కాదు, నిజమే.

ఆ చలికాలానికి ముందు జులైలో పందెం రోజు నేను వాళ్ళ వెనకే స్కోరు రాస్తున్నాను. గాలి ఎడమనుంచి కుడికి బాగానే వీస్తోంది, గట్టు మీది జెండాలే చెబుతున్నాయి, అలాంటప్పుడు మర ఎడమకి తిప్పాలి. అర్లీన్ మాత్రం “కుడికి” అంది. హాల్వర్ అలవాటుకొద్దీ కుడికి తిప్పాడు. గుండు పొట్టేలుకి అవతలెక్కడో మట్టి లేపింది. “కుడికి” అంది మళ్ళీ. మళ్ళీ పోయింది.

“జెండాలు కనపడట్లా నీకు?” అని కసిరాడు. పందెంలో ప్రతివాళ్ళకీ గడియారం నడుస్తూ ఉంటుంది, ఎవరికైనా చిరాకే. ఆమె ఏదో అంది గానీ నాలుక మడతపడింది.

“పొద్దున్నే ఏం తాగి వచ్చావే? పక్కకి తప్పుకో, నేనే చూసుకుంటా” అన్నాడు.

లైను మొత్తం నవ్వింది. అతను తల తిప్పకుండా మిగిలిన తూటాలన్నీ కాల్చేశాడు. లేచి చూసేసరికి అర్లీన్ మూతి ఒకపక్కకి జారి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళోంచి వేలాడుతోంది. కళ్ళనిండా నీళ్ళు.

ఆసుపత్రి మాకు చాలా దూరం. వెళ్ళేసరికి జరగాల్సింది జరిగిపోయింది. పక్షవాతం. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడట. అనకుండా ఉండాల్సింది.

హాల్వర్ రైఫిలు పికప్ బండి వెనక అలాగే పడి ఉంది. నల్ల తుపాకీమందు కాల్చిన గొట్టాన్ని ఆ సాయంత్రమే నీళ్ళతో కడిగి, తుడిచి, నూనె పట్టించకపోతే తుప్పు తినేస్తుంది. అతను దాని సంగతి తలుచుకునేసరికి లోపలంతా గుంటలు పడిపోయింది. కొత్త గొట్టం వేయిస్తానన్నాను. “దాని జోలికి పోకు” అన్నాడు.

ఆ తర్వాత అతను ఆవిడకి అన్నం పెట్టాడు, నీళ్ళు పోశాడు, జడ వేశాడు. ఆవిడ జడ వంకరగా ఉండేది. కిరాణా కొట్లో ఎదురైతే నేనే విప్పి మళ్ళీ అల్లేదాన్ని. అర్లీన్‌కి చెప్పింది అర్థమయ్యేది, మాట మాత్రం ఒక్కటీ రాదు. అంత నోరున్న మనిషి అలా ఊరికే నన్ను చూస్తూ ఉంటే నాకు దుఃఖం ఆగేది కాదు.

చలి మొదలయ్యాక హాల్వర్ నా కొట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

అతను రైఫిలు చూసే తీరు వేరుగా ఉండేది. భుజానికి ఎత్తేవాడు కాదు. బల్ల మీద ఇసక సంచి వేసి దానిమీద రైఫిలు పెట్టమనేవాడు. దానికి ఎడమవైపు స్టూలు లాక్కుని కూర్చుని, కుడిచెయ్యి బెల్టులోకి దోపుకుని, కళ్ళు మూసుకుని, ఎడమచెయ్యి చాచి తడుముకునేవాడు. తర్వాత తల అడ్డంగా ఊపేవాడు.

“ఏంటయ్యా ఇది, తుపాకీకి దిష్టి తీస్తున్నావా?” అన్నాను ఒకరోజు. “ఇదిగో, ఈ వాల్‌నట్ చెక్క చూడు. నునుపు చూడు. దీన్ని కాదన్నవాడు మనిషేనా?”

“జింకకి చెక్క అందం ఏం తెలుసు అమ్మాయ్.” నాకు యాభై దాటినా అతనికి నేను అమ్మాయినే.

“జింక సంగతి సరే, నీ సంగతేంటి? కొంటావా, లేక నా స్టూలు అరిగేదాకా కూర్చుంటావా?”

రైఫిలు సైటు మీద వేలు పెట్టాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. “గాలి మర అన్నిటికీ కుడివైపే పెట్టారేంటి? ఆవిడ కూర్చునేది ఎడమపక్క. ఆవిడకి పనిచేసేది ఎడమచెయ్యి.”

నేను చేతిలో రైఫిలు కింద పెట్టేశాను.

“మాట పోయిందిగానీ చూపు పోలేదు మేవిస్. దుర్భిణి చూసి మర ఆవిడే తిప్పుతుంది. ఆవిడ ఎటు తిప్పితే అటే కాలుస్తా. అదే చోట, అదే జనం ముందు. వాళ్ళందరి ముందేగా నేను ఆ మాటన్నది. మామూలుగా సారీ చెప్పి చూశాను. మొహం గోడవైపు తిప్పుకుంటుంది.”

ఆ వారమంతా తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. చివరికి పక్క రాష్ట్రంలో ఒకాయన దగ్గర దొరికింది. చెక్క మామూలుది, బరువు ఎక్కువ, అందం లేదు. గాలి మర మాత్రం ఎడమవైపు, పళ్ళు ముతకగా, వేలికి బాగా పట్టు దొరికేలా ఉంది. హాల్వర్ కళ్ళు మూసుకుని ఒక్కసారి తడిమి, “ఇదే” అన్నాడు.

ఇంట్లో వంటింటి బల్ల మీద పెడితే అర్లీన్ దాన్ని పట్టుకుని టిక్కుటిక్కుమని తిప్పుతూ నవ్విందట. పక్షవాతం వచ్చాక నవ్వడం అదే మొదలు. అది చెప్పడానికే కొట్టుకి వచ్చాడు. ఏమీ కొనకుండా వెళ్ళాడు, నాకు కోపం రాలేదు.

మరుసటి జులై పందెం రోజున క్లబ్బు పెద్ద డెల్మర్ నసిగాడు. “పక్కన కూర్చున్నవాళ్ళు నోటితో చెప్పాలంతే, తుపాకీ ముట్టుకోకూడదు. రూలు నేను పెట్టింది కాదుగా.”

“నీ రూలు తీసుకెళ్ళి పొట్టేలు మెడలో కట్టు” అన్నాను.

“ఊరుకో అమ్మాయ్” అన్నాడు హాల్వర్. “మా గుళ్ళు లెక్కెయ్యొద్దు డెల్మర్. అందరివీ అయ్యాకే కాలుస్తాం.”

అందరివీ అయ్యాయి. ఒక్కరూ ఇంటికి పోలేదు. హాల్వర్ ఇసక సంచి మీద రైఫిలు పెట్టి బల్ల వెనక కూర్చున్నాడు. అర్లీన్ కుర్చీని ఎడమపక్క దగ్గరగా జరిపాను, దుర్భిణి ఆమె కంటి ఎత్తుకి సర్దాను. అప్పుడు గాలి ఎడమనుంచి వీస్తోంది.

అర్లీన్ దుర్భిణిలో చాలాసేపు చూసింది. చెయ్యి చాచి మర పట్టుకుంది. కుడికి తిప్పింది.

లైనులో అందరికీ కనపడింది. హాల్వర్‌కి కనపడకుండా ఎలా ఉంటుంది? ఎదురుగా జెండా రెపరెపలాడుతోంది. అతను కాల్చాడు. పొట్టేలుకి కుడిపక్క దుమ్ము లేచింది. ఆమె నుదురు చిట్లించి మళ్ళీ తిప్పింది, మళ్ళీ కుడికే. అతను కాల్చాడు. దుమ్ము ఇంకా అవతల లేచింది. ఆమెకి గాలి తెలుస్తోంది, దుమ్ము కనపడుతోంది, ఎడమకి తిప్పాలనీ తెలుసు. ఆ చెయ్యే మాట వినట్లేదు. అది నాకు ఆవిడ మొహంలో అర్థమైంది. హాల్వర్ మొహం రైఫిలుకి ఆని ఉంది, అతనికి అర్థం కాలేదు.

“బావుంది అర్లీన్, నువ్వు చెప్పినట్టే కొడతా” అంటున్నాడు ప్రతిసారీ అందరికీ వినపడేలా.

సగం తూటాలయ్యాక ఆమె మర వదిలేసి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. హాల్వర్ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా మళ్ళీ మర మీద పెట్టాడు. ఆమె లాక్కుంది. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, మాట కాదు. ఏడుస్తోంది. ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వి ఉంటే బావుండేదేమో.

హాల్వర్ లీవరు లాగి కాల్చని తూటా బయటికి తీశాడు. ఆవిడని ఎత్తుకుని పికప్‌లో కూర్చోబెట్టాడు.

జనం వెళ్ళిపోయాక బండి వెనక రేకు దించుకుని గొట్టం కడగడం మొదలుపెట్టాడు. నేను నీళ్ళు పోశాను. నల్లటి నీళ్ళు కారి కారి తెల్లబడేదాకా పోస్తూనే ఉన్నాను.

“మంచికే చేశావుగా” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“ఎవరి మంచికి? క్షమించిందనిపించుకోవాలని నాకు ఆత్రం.” గుడ్డ పిండి మళ్ళీ గొట్టంలోకి దూర్చాడు. “రెండో గుండు తప్పగానే మర నేనే ఎడమకి తిప్పుకోవాల్సింది. పొట్టేలు పడేది. తనే పడగొట్టాననుకునేది. నాకు ఆ మాత్రం తట్టలేదు.”

బండి వెనక అద్దంలోంచి అర్లీన్ తల వెనకభాగం కనపడుతోంది. జడ వంకరగానే ఉంది.

“ఆ రోజు తిట్టి ఏడిపించాను అమ్మాయ్” అన్నాడు. “ఇవాళ తిట్టకుండా ఏడిపించాను.”