పంపకముందే చేరిన మెయిల్

అమెరికా డాక్టర్లు నోటితో చెప్పి పంపే రోగుల వివరాలను టైపు చేయడం ప్రవళిక ఉద్యోగం. పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో మొయినాబాద్‌లోని ఆఫీసుకు వచ్చేది. ఆఫీసులో నలుగురు టైపు చేసినవన్నీ ఒకచోట చేర్చి, సాయంత్రం నాలుగింటిలోపు నగరంలోని పెద్దాఫీసుకు మెయిల్ చేయవలసింది ఆమే. రెండేళ్లలో ఒక్కనాడూ నాలుగు దాటనివ్వలేదు.

2007 మార్చిలో అమెరికా తన గడియారాలను గంట ముందుకు జరుపుకుంది. అది వాళ్ల ఏర్పాటు. మన గడియారం ఏడాది పొడవునా ఒకే తీరుగా నడుస్తుంది. ఇంత చిన్న సంగతి సూపర్‌వైజర్ వెంకటరమణకు తట్టలేదు. ప్రవళిక కంప్యూటర్‌లో టైమును తన చేత్తోనే గంట ముందుకు తోశాడు.

"గిదేంది సార్? మూడయితే నాలుగు చూపిస్తున్నది."

"అమెరికా టైమ్ మారిందమ్మా, మనమూ మారొద్దూ? దాన్ని ముట్టుకోకు."

ముట్టుకోలేదు. అదే ఆమె నేరమైంది.

పది రోజులకు పెద్దాఫీసు ప్రవళిక పేర నోటీసు పంపింది. మెయిళ్లన్నీ నాలుగున్నర దాటాకే పంపినట్టు టైమ్ పడిందట. 'అలసత్వం' అన్నారు, మూడు రోజుల్లో సంజాయిషీ రాకుంటే తొలగిస్తామన్నారు. ఒక్క మాట అడగకుండానే నేరం నిర్ణయించి, ఆ కాగితాన్ని అందరూ చూసేలా గోడకు అంటించారు! గడియారాన్ని కదిపిన మనిషి మాత్రం మెదలకుండా కూర్చున్నాడు.

"ఏం ప్రవళికా, పగటి నిద్ర మంచిగ పడుతున్నదా?" అన్నాడు పక్క సీటు భిక్షపతి.

"నవ్వన్నా, నవ్వు. రేపు నీ పేరు గూడ గోడెక్కుతది."

పంపిన ప్రతి మెయిల్‌కూ ఒక నకలు తనకు పంపుకోవడం ఆమె అలవాటు. ఆ నకలూ పెద్దాఫీసు సర్వర్ మీదుగానే వచ్చేది. అందులో ఒకటి తెరిచి, మెయిల్ ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు ఎక్కడికి చేరిందో చెప్పే, మామూలుగా ఎవరూ చూడని లోపలి వరుసలన్నీ ప్రింటు తీసి వెంకటరమణ ముందు పెట్టింది.

"చదువుండ్రి సార్. నా కంప్యూటర్ పంపింది నాలుగూ నలభైకట. పెద్దాఫీసు సర్వర్‌కు అందింది మూడూ నలభై ఒకటికట. పంపకముందే గంట ముందు ఎట్ల చేరింది?"

ఆయన గోడ మీది నోటీసు తీసి, దాని మీద 'ఈసారికి మన్నించడమైనది' అని రాసి ఇచ్చాడు.

"తప్పు చేసినోళ్లను మన్నిస్తరు సార్. నేనేం చేసిన?"

"ఉద్యోగం నిలబడింది కదమ్మా! మాటల్లో ఏముంది?"

"రేపు ఇంకోకాడికి పోతే ఈ మాటే అడుగుతరు. మన్నించిన్రంటే చేసినట్టే."

మన్నింపు! చేయని తప్పును ఆమె పేర రాసి, పైగా అదొక దయ! ప్రవళిక కుర్చీలో కూర్చోలేదు. మూడున్నర అయింది. ఆరోజు పంపవలసిన రిపోర్టులన్నీ అలాగే ఉన్నాయి.

"పంపవమ్మా, టైమ్ అయిపోతోంది," అన్నాడాయన.

"ఎవరి టైమ్ సార్?"

భిక్షపతి ఈసారి నవ్వలేదు. "రాసియ్యుండ్రి సార్, ఆ పిల్ల చెప్పింది నిజమే," అన్నాడు.

వెంకటరమణ ఆ వాక్యం కొట్టేసి, 'ఆలస్యం జరగలేదు. కంప్యూటర్‌లో టైము మార్చింది నేనే' అని రాసి సంతకం పెట్టాడు. ఆ మాటలే పెద్దాఫీసుకూ మెయిల్ చేయించి, అది వెళ్లిందని తన కళ్లతో చూశాకే ప్రవళిక కుర్చీ లాక్కుంది.