సైడ్‌కారుకి ముప్ఫై లీటర్ల ట్యాంకు

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ తూకం మేస్త్రే. పెట్రోలు ట్యాంకులు చేయడం, అతకడం ఆయన పని. చిల్లు పడ్డ ట్యాంకైనా సరే, ఆయన చేతిలో పడి వచ్చాక చుక్క కారదు. దూరప్రయాణాల పిచ్చి ఉన్నవాళ్ళు బండికి అదనపు ట్యాంకు పెట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. వచ్చినవాణ్ణి ముందు ఇంటికి ఆనుకున్న షాపు మూల ఉన్న కాటా ఎక్కించేవాడు. "డెబ్బై కిలోలండీ నేను" అని ఎవరైనా అంటే, "ఆ లెక్క మీ దగ్గరే ఉంచుకోండి, ముందు ఎక్కండి" అనేవాడు. ముల్లు చూపించిన బరువుకి సరిగ్గా ఇసుక బస్తాలు నింపి, బండికి కట్టి, ఊరి చివరి మలుపులో తోలి చూసేదాకా ట్యాంకు ఎక్కడ బిగించాలో తేల్చేవాడు కాదు. కాస్త ఒళ్ళున్నవాళ్ళకి అది నామోషీగానే ఉండేది. ఆయన ఖాతరు చేస్తేగా!

అంతటి చాదస్తుడు జన్మకొక్కసారి నోటిమాట నమ్మాడు. అదీ ఇంటావిడ మాట.

ఆవిడకి అక్కంటే ప్రాణం. ఊహ తెలియక ముందే తల్లి పోతే, ఎత్తుకుని పెంచింది అక్కే. ఆ అక్క మూడు వందల కిలోమీటర్ల బీడు నేలకి అవతల ఉంటుంది. బస్సు ఉంది గానీ, ఆపరేషన్ అయ్యాక ఈవిడ కుడి మోకాలు వంగదు. ఒకసారి పంతం పట్టి ఎక్కింది. పది కిలోమీటర్లు పోకముందే నొప్పికి తాళలేక దిగి ఏడ్చింది. అక్కకి ఆయాసం, గడప దాటలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆరేళ్ళు. రోజూ ఫోనులో మాత్రం గంటసేపు.

"ఏం చేస్తున్నావక్కా?"

"తల దువ్వుకుంటున్నానే."

"పాపిడి ఎటు తీశావు?"

అవతల నుంచి జవాబు వచ్చేది. ఈవిడ అద్దం ముందుకెళ్ళి తనూ అటే తీసుకునేది. మేస్త్రి రేకు కత్తిరిస్తూ అదంతా వినేవాడు. వినీ వినీ ఆయనకే ఉండబట్టలేదు. పాత సామాన్ల కొట్లో తుప్పుపట్టి పడున్న సైడ్‌కారు ఒకటి తెచ్చి, బాగుచేసి, తన పాత మోటారుసైకిలుకి బిగించాడు. ఆవిడ అందులో కూర్చుని కాలు చాపింది. ఎక్కడా అడ్డు తగల్లేదు. సాయంత్రం దాకా దిగనంది. కాఫీ కూడా అక్కడికే తెప్పించుకుంది.

చిక్కల్లా పెట్రోలుతోనే. సైడ్‌కారు తగిలించాక బండి లీటరుకి పదిహేను కిలోమీటర్లకి మించి కదలదు. ఉన్న ట్యాంకు పట్టేది పదమూడు లీటర్లు. బీడులో బంకు అన్నది లేదు. ఇంకో పది లీటర్లు పట్టే ట్యాంకు చేసి, సైడ్‌కారు వెనక, బయటివైపుకి పెడితే గండం గడుస్తుంది. ఎటొచ్చీ సైడ్‌కారు వైపు మలుపు తిరిగేటప్పుడు అటు బరువు చాలకపోతే దాని చక్రం గాల్లోకి లేస్తుంది.

"నీ బరువెంత?" అని వంటింట్లోకి కేక వేశాడు.

"అరవై రెండు. ఆడవాళ్ళని అలా అడగకూడదని కూడా తెలీదు మీకు!"

నవ్వుకుని అరవై రెండు కిలోల ఇసుక నింపాడు. ట్యాంకు కట్టాడు. ఊరి చివరి మలుపులో మూడు చక్రాలూ నేలకి అతుక్కునే తిరిగాయి.

మర్నాడు పొద్దున ఆవిణ్ణి ఎక్కించుకుని అదే మలుపు, అదే వేగంతో తిరిగాడు. చక్రం జానెడు పైకి లేచింది. ఆవిడ కెవ్వుమని, చక్రం నేలకి దిగాక పకపకా నవ్వింది. మేస్త్రికి మాత్రం నవ్వు రాలేదు. ఇంటికొచ్చి ప్రతి బోల్టూ చూశాడు, గాలి చూశాడు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అప్పుడు తలెత్తి ఆవిణ్ణి చూశాడు. కొన్ని నెలలుగా ఎండాకాలంలో కూడా శాలువా ఎందుకు కప్పుకుంటోందో అడగాలని ఆయనకెప్పుడూ తోచలేదు.

"కాటా ఎక్కు."

"ఇప్పుడెందుకండీ?"

"ఎక్కు."

ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది. కాటా పాడైందేమోనని తను ఎక్కి చూసుకున్నాడు. కాటాకి ఏ రోగమూ లేదు.

"అరవై రెండన్నావు."

"పోయినేడు అంతే ఉన్నానండీ."

"రేపే ఆసుపత్రికి పోదాం."

"పోయొచ్చాను. పక్కింటి వదిన రెండుసార్లు తీసుకెళ్ళింది. మందులకి లొంగేది కాదన్నారు." ఆవిడ శాలువా సర్దుకుంది. "మీకు చెబితే బండి మూలన పడేసి నన్ను మంచానికి కట్టేస్తారు. నాకు అక్కని చూడాలనుందండీ. ఒక్కసారి కళ్ళారా చూడాలి."

మేస్త్రి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నాకు చెప్పడానికి నోరు రాలేదా అన్నాడు, నేను పరాయివాణ్ణా అన్నాడు. అరిచి అరిచి కాటా పక్కనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. వంగని కాలు వల్ల కింద కూర్చోలేక, ఆవిడ నిలబడే ఆయన తల నిమిరింది.

"చాల్లెండి. ట్యాంకు సంగతి చూడండి."

ఇంకెవరైనా అయితే సైడ్‌కారులో ఇసుక మూట పడేసి బయల్దేరేవాళ్ళే. మేస్త్రి పది లీటర్ల ట్యాంకు ఊడదీశాడు. మూడు రోజులు కూర్చుని ముప్ఫై లీటర్లది చేశాడు. పెరిగిన ఇరవై లీటర్ల పెట్రోలు పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆవిడలో తరిగింది కూడా అంతే.

ట్యాంకు బిగిస్తుంటే ఆవిడ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ముప్ఫై ఏళ్ళ కాపురం, లీటర్లకీ కిలోమీటర్లకీ లెక్క ఆవిడకీ వచ్చు.

"ఇది పోనూ రానూ సరిపోతుందే! అక్కావాళ్ళ ఊళ్ళో బంకుందిగా?"

"ఉంటే ఉండనీ."

"పోవడానికి సరిపడితే చాలదూ?"

మేస్త్రి తలెత్తలేదు. "ఇద్దరం పోతున్నాం, ఇద్దరం వస్తాం. రావడానికి కావలసింది కూడా ఇక్కణ్ణుంచే పట్టుకెళ్తాను."

ఆవిడ స్టూలు మీంచే చెయ్యి చాచి ట్యాంకు తడిమింది. "పెట్రోలు అయిపోయేకొద్దీ మళ్ళీ తేలికైపోతుందిగా ఈ వైపు? అప్పుడు మలుపుల్లో ఎలా?"

"మెల్లగా తోలతాను," అన్నాడు స్పానరు తిప్పుతూ. "ఎన్ని రోజులు పట్టినా మెల్లగానే తోలతాను."