కింది స్వరం నేర్పిన దీదీ

దీదీ పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లోని తన ఇంట్లోనే, నిద్రలోనే పోయారట. పాలాయన తలుపు తట్టి తట్టి పక్కింటివాళ్లను పిలిచేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆవిడ బడిలో సంగీతం టీచరు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా క్రిస్మస్ ముందు జరిగే మా కోయిర్ పాటల బృందం కచేరీకి పాటలు నేర్పేది ఆవిడే. నాలుగు రకాల గొంతులు నాలుగు వరసల్లో పాడే పాతకాలపు లాటిన్ పాటలుండేవి, ఆవిడ కట్టిన కొత్త తెలుగు, హిందీ పాటలూ ఉండేవి. అన్నిటికన్నా కింది స్వరం ఆవిడ భర్త పాడేవారు. సునామీ వచ్చిన ఏడు కచేరీలో పాడి, మర్నాడే డ్యూటీకి ఓడెక్కి కార్ నికోబార్ వెళ్లారాయన. తిరిగి రాలేదు. దొరకనూ లేదు.

అదే సునామీకి మా ఊరు హోప్ టౌన్‌లో మా చేపల పడవ ముక్కలైంది. కొత్త పడవ వచ్చినా నాకు సముద్రం మీదికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఊరికే గట్టున కూర్చునేవాణ్ణి. బట్టలు పంచడానికి ఫెర్రీలో వచ్చిన దీదీ, నేను దూరాన ఎవరినో కేకేస్తుంటే ఆగి విన్నారు. కింది స్వరానికి మనిషి కావాలని పాటకు రమ్మన్నారు.

"నాకు పాటలేటి వొచ్చు దీదీ? చదవడమే సరిగ్గా రాదు."

"విను, అను. బస్, అంతే. చదువు తర్వాత చూద్దాం తమ్ముడూ."

పాటలన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చేవారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ కాగితాల వల్లే. "పక్కవాడు ఊపిరి తీసుకుంటుంటే నువ్వు పాట ఆపకు" అనేవారు ఎప్పుడూ.

ఆవిడ సంతోషిస్తారని ఒకసారి ఆవిడ భర్త పాడిన పాత క్యాసెట్టు సంపాదించి, ఆయనలాగే పాడి వినిపించాను. రెండు చరణాలకే చెయ్యెత్తి ఆపేశారు.

"ఆయనలా పాడకు. ఆ గొంతు నాకు ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది. నువ్వు నీలాగా పాడు."

ఆ ఏడు కచేరీలో కింది స్వరం ఒంటరిగా పాడే చోటు రాగానే, మాకు తాళం చూపిస్తున్న దీదీ చెయ్యి గాలిలో నిలిచిపోయింది. హాలంతా ఆవిడనే చూస్తోంది. ఆపాలో వద్దో తెలియక పాడుతూనే ఉన్నాను. కాసేపటికి చెయ్యి మళ్లీ కదిలింది. కచేరీ అయ్యాక మెచ్చుకోలేదు, ఫెర్రీ దొరుకుతుందా అని మాత్రం అడిగారు. ఆ తర్వాతి వారం నేను మళ్లీ వేటకు పడవెక్కాను.

ఏటా అంతే. అందరూ పిల్లాపాపలతో బయట టీ తాగుతుంటే, దీదీ లోపల కుర్చీలు సర్దుకునేవారు. మా ఇంటికి భోజనానికి పిలిస్తే మరోసారి వస్తాననేవారు. ఫెర్రీకి టైమైందని నేను పరిగెత్తేవాణ్ణి. ఒక్క ఏడాదైనా ఆగి ఉండాల్సింది.

అంత్యక్రియల దగ్గర మేం పాడలేకపోయాం. పాట ఎత్తుకునేవాళ్లు లేరు. తిరిగి వస్తూ ఫెర్రీలో నాకు తెలియకుండానే ఏదో పాడుకుంటున్నానట, అది ఏ పాటని పక్కాయన అడిగారు.

"కౌన్‌సా గానా, భయ్యా?"

చెప్పబోయి ఆగిపోయాను. అది పాట కాదు, పాట కింద నడిచే వరస. పైన పాడేవాళ్లు లేకపోతే అది ఏ పాటో ఎవరికీ తెలియదు. ఆయన నీళ్ల వైపు తిరిగారు. హోప్ టౌన్ జెట్టీ వచ్చేదాకా నేను ఆ వరసే పాడుకుంటూ కూర్చున్నాను.