తెల్ల తువ్వాల మీద గాజు గొట్టం

మోకిలలో సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం విల్లాలు కడుతున్న రోజుల్లో నేను సైట్ ఇంజినీరును. మురుగు గుంతలోకి మనిషి దిగేముందు గాలిని పరీక్షించడానికి ముడిమ్యాల నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. వేలెడంత గాజు గొట్టం కొనలు విరిచి, చేతిపంపుకు తగిలించి, గుంతలోని గాలిని లాగేవాడు. లోపలి తెల్ల పొడి గోధుమరంగుకు తిరిగితే విషవాయువు ఉన్నట్టు. ఊరికే ఓసారి చూసి వదిలేసే మనిషి కాదు. గొట్టాన్ని భుజం మీది తెల్ల తువ్వాలకు ఆనించి, ఎండలో అటూ ఇటూ తిప్పేవాడు. ఒక గొట్టం గుంత మూతి దగ్గర, ఇంకోటి పొడుగు పైపుతో అడుగున. రెండూ చూశాకే "దిగు బిడ్డా" అనేవాడు.

ఆ రోజు విల్లాలు కొనేవాళ్ల బస్సు రాబోతోంది, ఆలోపు గుంత పని ముగించి మూత వేయాలి. మొదటి గొట్టం తెల్లగానే ఉంది. ఆయన పైపు విప్పుతుంటే నాకు చిరాకేసింది.

"మళ్ల ఎందుకన్నా? తెల్లగనే ఉన్నది గదా!"

"పాడుగాలి అడుగున ఉంటది సార్. జర ఆగుండ్రి."

"నేను చెప్తున్న గదా, దింపు!"

ఆయన పైపు చుట్టేశాడు. దిగిన మనిషిని శవంగా పైకి లాగాం.

విచారణలో ఆయన నా మాటే ఎత్తలేదు. "చూసెటోన్ని నేను. తప్పు నాదే" అన్నాడు.

కొన్నేళ్ల తర్వాత చిల్కూరు ఆటోల దగ్గర కనిపించాడు. నన్ను గుర్తుపట్టలేదు. జేబులోంచి ఆనాటి మొదటి గొట్టం తీసి, మాసిన తువ్వాలకు ఆనించి, వచ్చేపోయే వాళ్లను అడిగినట్టే నన్నూ అడిగాడు.

"జర చూడుండ్రి సార్, తెల్లగనే ఉన్నది గదా?"

"తెల్లగనే ఉన్నది" అన్నాను, ఆ రోజు అన్నట్టే.