మూడో వాత కొసరు

నా చిన్నప్పుడు నేను ఆడిన బేరాలన్నిటిలోకీ ఘనమైనది మా చెల్లెలికి వాతలు పెట్టించే బేరం. రెండు వాతలకు ఒప్పుకున్న మనిషి చేత మూడోది కొసరుగా పెడతానని అనిపించాను. అప్పటికి నాకు పదేళ్ళు, చెల్లెలికి ఐదు. కిరండూల్ బజారులో అంతకన్నా గట్టి బేరం ఇంకెవరైనా ఆడి ఉంటే చెప్పమనండి.

ఇనుప గని జోరుగా నడుస్తున్న రోజుల్లో మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి హిందీ మాట్లాడే ఆ ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టాడు. ఎర్ర దుమ్ము బియ్యం బస్తాల మీదా మా జడల మీదా ఒకేలా పడేది. నాకు మాటల కన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ దెప్పేది. చెల్లెలికి నడక కన్నా ముందు పరుగు వచ్చింది. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేది. లోపల్నుంచి చేట తెమ్మంటే గడప దాటేలోగా మరిచిపోయి పిల్లి వెంట పడేది. బళ్ళో చేర్చిన పదో రోజుకే మాస్టారు వెంటబెట్టుకొచ్చి, ఏడాది ఆగి పంపమన్నారు.

ఆ మరుసటి వారమే అది రైలు పట్టాల దగ్గర దొరికింది. ఖనిజం నింపుకున్న గూడ్సు కదులుతుంటే, చెయ్యి చాస్తే చక్రాలు తగిలేంత దగ్గరగా నిలబడి పెట్టెలు లెక్కపెడుతోందట. పట్టాల పనివాడొకాయన ఎత్తుకొచ్చి అప్పగించాడు. ఆ పూట మా నాన్న అన్నం ముట్టలేదు.

దాన్ని ఏం చెయ్యాలన్నదే ఇక ఇంట్లో మాట. డాక్టరు చూసి ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు. ఒక కాంపౌండరు మత్తుమందు పోసి చూద్దామన్నాడు, అమ్మ హడలిపోయింది. నాన్నకు వారపు సంతకు వచ్చే వాతల మనిషి మీద గురి కుదిరింది. ఇనుప చువ్వ కాల్చి పొట్ట మీద పెడితే పిల్లల అలజడి దిగిపోతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవాళ్ళు. అమ్మ వద్దంటే, "రైలు కింద పడ్డాక ఏడుద్దువుగానిలే" అన్నాడు. అది కోపం కాదు, భయం. ఆ సంగతి నేను తల్లినయ్యాక గానీ నాకు తెలియలేదు.

సంత రోజున బేరానికి నన్ను పంపారు. వాతల మనిషి హిందీలో ఎంత బెట్టు చేసినా, వెళ్ళిపోతున్నట్టు రెండుసార్లు నటించి నా మాట నెగ్గించుకున్నాను. పరుగున మా కొట్టుకొచ్చి, కాసేపట్లో వస్తాడనీ మూడోది కొసరనీ బజారంతా వినేట్టు చెప్పాను. చెల్లెలు అక్కడే బస్తా మీద గెంతుతోంది. దానికి ఏం అర్థమైందో నాకు పట్టలేదు.

ఎదురు కొట్టు గాజుల అత్తది. ఆమె భోపాల్‌పట్నం వైపు మనిషి. మా నాన్నను అన్నా అని పిలిచేది కాబట్టి మాకు అత్త. ఎవరికో గాజులు తొడుగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏందే బిడ్డా, వాతకు కొసరా?" అంది. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "అన్నా, ఆయన వచ్చేలోపల నీ చిన్నబిడ్డకు డజను మట్టిగాజులు తొడుగుత. ఒక్కటి పగలకుంట తొడిగిన్ననుకో, ఆయనను మర్లగొట్టి పంపు" అంది.

"దాని చేతికి రబ్బరు గాజే ఆగదు. మట్టిగాజులు తొడిగేస్తావేటమ్మా?" అని నాన్న నవ్వి ఒప్పుకున్నాడు.

అత్త చెల్లెలి చెయ్యి పట్టుకోలేదు. ఏ రంగు కావాలో అడిగింది. అది ఎరుపు తీసింది. అత్త ఒకే మాట చెప్పింది, వేళ్ళు వదులు చెయ్యమని. గాజు జారగానే, "వదులు చేసినవ్, అందుకే ఎక్కింది" అంది. చెల్లెలు దీపస్తంభం దాకా పరిగెత్తి వచ్చింది. అత్త పోనిచ్చింది. మళ్ళీ ఒక గాజు, మళ్ళీ ఆ మాట, మళ్ళీ పరుగు. ఆరోదాని తర్వాత అది చాలాసేపు రాలేదు. అమ్మ కేకెయ్యబోతే అత్త వేలితో వద్దని సైగ చేసి, గాజులు ఎండలోకి ఎత్తి చూసుకుంటూ కూర్చుంది. చెల్లెలు తనంతట తానే వచ్చి చెయ్యి చాపింది.

తొమ్మిదో గాజు దగ్గర వాతల మనిషి వచ్చి, మా కొట్టు మెట్టు మీద కూర్చుని నిప్పులడిగాడు. అత్తకు తొందర పుట్టింది. రెండు గాజులు కలిపి ఎక్కించబోయింది. ఒకటి టప్పుమంది.

నాన్న లేచాడు. "తప్పు నాదే అన్నా, బిడ్డది కాదు" అంది అత్త. నాన్న నావైపు చూసి, "ఏటంటావే బేరగత్తే?" అన్నాడు.

ఓడిపోయారనడానికి నోరు తెరిచాను. చెల్లెలు మాత్రం పగిలిన ముక్కలు చూడటం లేదు. చెయ్యి అలాగే చాపి, వేళ్ళు వదులు చేసి, తర్వాతి గాజు కోసం చూస్తోంది. పుట్టాక అది అంతసేపు కదలకుండా ఉండటం నేనెరగను.

"తొడిగేటప్పుడు పగిలితే కొట్టువాళ్ళదే నష్టం. లెక్కలోకి రాదు" అన్నాను. గాజుల బేరంలో అన్ని ఊళ్ళలోనూ అదే పద్ధతి. కొట్టువాడై ఉండి నాన్న కాదనలేకపోయాడు.

డజను పూర్తయింది. అత్త పదమూడోది తీసి, ఇది నీ కొసరు అంది. చెల్లెలు దాన్ని చూసి, "అక్కకియ్యి. అక్క నాకు కొసరడిగింది కదా" అంది. ఆ బుల్లి గాజు నా కణుపుల దగ్గరే ఆగిపోయింది.

వాతల మనిషి టీ తాగి వెళ్ళిపోయాడు. నాన్న అత్త దగ్గర విద్య నేర్చుకోవలసి వచ్చింది. దూరం నుంచి అరవకుండా దగ్గరకెళ్ళి ఒక్క పనే చెప్పడం, చేసిన మంచిని అప్పటికప్పుడే మెచ్చుకోవడం. "కొసరు సంచి మూతి కట్టకముందే ఎయ్యాలె అన్నా. ఇంటికి పోయినంక ఏస్తే ఎవలికి?" అనేది అత్త. నాన్నకు అది ఒంటబట్టడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాతి ఏడాది బడిలో చెల్లెలు నిలిచింది.

ఇప్పుడు మా నాలుగేళ్ళ మనవడిదీ అదే పరుగు. డాక్టరమ్మ దానికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పింది. ఈ వయసులో ముందు తల్లిదండ్రులు నేర్చుకోవలసినవి ఉన్నాయనీ, అవి చేసి చూసి, చాలకపోతే మందు సంగతి ఆలోచిద్దామనీ అంది. మా అబ్బాయికి మందు రేపే కావాలి. కోడలికి మందు పేరెత్తితేనే కన్నీళ్ళు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఎన్ని బేరాలాడినా ఇందులో నాకు అనుభవం ఒక్కటే, అదీ చెడ్డది. ముందు నేర్చుకోండి, మందుకు తలుపు మూసెయ్యకండి అని మాత్రం చెప్పాను.

ఎందుకంటే లెక్క నిజంగా చెప్పాలి. గాజుల విద్యతో మా చెల్లెలు నెమ్మదస్తురాలు కాలేదు. పై తరగతుల్లో రెండుసార్లు తప్పింది, తను మొద్దునని ఏడ్చింది. అప్పుడు మందంటూ ఒకటుందని తెలిస్తే ఆ ఏడుపు తప్పేదేమో. ఇప్పుడు దానిదొక టిఫిన్ హోటలు. రోజంతా నిలబడే ఉంటుంది, కూర్చోమనేవాళ్ళు లేరు. దాని పొట్ట మీద ఒక్క మచ్చ లేదు. నా పెట్టెలో ఎక్కని గాజు ఒకటుంది. నేనడిగిన మూడో వాత పడలేదని అందరూ అనుకుంటారు. అది పడింది. నాకు.