ఎడమ మర నట్టు

కార్ఖానాలో ఆయన అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆయన మిల్లీమీటరు. ముప్ఫయ్యారేళ్ళుగా లేత్ మిషను ముందు నిలబడి ఇనుము తరుగుతున్న మనిషి. ఎవరైనా "ఇంచుమించు సరిపోయింది మేస్త్రి గారూ" అన్నారా, ఒంటికాలి మీద లేచేవాడు. ఇంచుమించు అనేది కబుర్లలో చెల్లుతుంది గానీ ఇనుములో చెల్లదని ఆయన వాదం. తలుపు గడియ వెంట్రుకవాసి పక్కకి జరిగిందని మూడు రోజులు నిద్రపోని మొగుడితో కాపురం చేశాను, నాకెవరైనా పతకం ఇవ్వాలి అని భార్య దెప్పుతూ ఉంటుంది.

ఇక ఆ బండి సంగతి. ఇరవై రెండేళ్ళ కిందట పాత ఇనుము కొట్లో, ముందుభాగం నుజ్జయి పడి ఉన్న స్పోర్ట్స్ బైకు ఒకదాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. సగం బండిగా, సగం గోనెసంచుల్లో ముక్కలుగా ఇంటికి చేర్చాడు. ముందు ఫోర్కులు ఇంకో బండివి, వెనక చక్రం మరో బండిది. సైలెన్సరు ఆయనే వంచాడు. హ్యాండిలు తన భుజాల కొలతకి తనే కోసుకున్నాడు. ఇరుసులు, బుష్షులు, నట్లు చాలావరకు ఆయన లేత్ మీద పుట్టినవే. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళే వచ్చి చూసినా ఇది మాది కాదు బాబోయ్ అని చేతులు దులుపుకుపోతారు. భార్య దాన్ని సవతి అనేది. సవతికి ఇంజను ఆయిలు మార్చినప్పుడల్లా తనకి కొత్త చెప్పులు కొనాలని ఇద్దరికీ ఒక ఒప్పందం. ఇన్నేళ్ళలో ఇంకొకడి పానా మాత్రం దాని మీద పడనివ్వలేదు.

అలాంటి బండిని అమ్మాల్సి రావడానికి కారణం భయం. నిరుడు ఒకరోజు లేత్ ముందు నిలబడి, చేతిలో ఉన్న పిడిని ఎటు తిప్పాలో తెలియక ఆగిపోయాడు. ముప్ఫయ్యారేళ్ళు తిప్పిన పిడి! ఒంట్లో బాగోలేదులే అనుకున్నాడు. రెండు నెలల తర్వాత నాలుగు రోడ్ల కూడలిలో పచ్చదీపం వెలిగింది, బండి గురగురమంటోంది, ఇంటికి ఏ రోడ్డో తెలియలేదు. వెనకవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు, తిడుతున్నారు. దీపం మూడుసార్లు ఎర్రబడి మూడుసార్లు పచ్చబడింది. చివరికి దారి గుర్తొచ్చి ఇంటికి చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. భార్య దగ్గర ఏమీ దాచలేదు. డాక్టరు పరీక్షలు చేసి, మరుపు జబ్బు మొదలైందని, బండి నడపవద్దని చెప్పాడు.

నడపకుండా ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా అంది భార్య, ఆయన మొహం చూడలేక. అంతకాలం సవతి అన్న మనిషే. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నడపకూడదన్న సంగతే ఒకరోజు మర్చిపోతానే. ఆరోజు తాళం తీసుకుని వెళ్ళిపోతాను. వద్దు."

కొనడానికి వచ్చినాయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ముప్ఫై దాటిన మనిషి, కళ్ళజోడు, సన్నగా గాలి వీస్తే ఊగేలా ఉంటాడు. నాలుగేళ్ళ కిందట పెట్రోలు బంకులో ఈ బండిని చూశాడట, అప్పట్నుంచీ మర్చిపోలేదట. దాన్ని తాకడానికి ముందు చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. అది చూసి మిల్లీమీటరుకి మనసు కుదుటపడింది. చెప్పింది చెప్పినట్టు చేసే రకం, ఇంచుమించు మనిషి కాదు అనుకున్నాడు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే మాత్రం మోకాళ్ళ నొప్పులన్నాడు. ఉన్నమాట చెప్పెయ్యండి అని భార్య లోపల చెవిలో పోరింది. పిచ్చివాడి చేతి బండి ఎవడు కొంటాడే అని విసుక్కున్నాడు. నిజానికి అది బేరం గురించిన బెంగ కాదు, సిగ్గు.

శనివారం సాయంత్రం అప్పగింతలు. రెండు గంటలసేపు చెప్పాడు. చలిలో స్టార్టు కాకపోతే ఏం చెయ్యాలి, గొలుసుకి ఎంత వదులు ఉండాలి, మూడో గేరులో వచ్చే చిన్న మూలుగు జబ్బు కాదు అలవాటు అని. ఎక్స్‌రే ఆయన చిన్న పుస్తకంలో అన్నీ రాసుకున్నాడు. వెళ్ళబోతుంటే, మిల్లీమీటరు సీటు మీద చెయ్యి వేసి ఆఖరి మాట ఒకటి చెప్పాడు. ఈ ఇంజను వణుకుకి నట్లు వదులవుతాయి, రేపు పొద్దున్నే అన్నీ ఒకసారి బిగించుకోండి, ముందు చక్రం దగ్గర మొదలుపెట్టండి అని. ఆయన అది కూడా రాసుకుని, కింద గీత గీసుకున్నాడు.

ఆదివారం పొద్దున మిల్లీమీటరు బండి పోయిన ఖాళీ షెడ్డులో కూర్చుని రేకు డబ్బా ముందేసుకున్నాడు. ఆ బండికని చేసి పెట్టిన మిగులు సామాను అది, కొన్నాయనకే పంపిద్దామని ఏరుతున్నాడు. ఒక నట్టుని దాని జత బోల్టుకి ఎక్కించబోతే పట్టలేదు. మర చెడిందేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. బాగానే ఉంది. ఊరికే చెయ్యి ఎడమకి తిరిగింది. నట్టు వెన్నలా ఎక్కింది.

ఎడమ మర. లోకంలో నట్లన్నీ కుడికి తిప్పితే బిగుస్తాయి, ఎడమకి తిప్పితే వదులవుతాయి. ఇది రివర్సు. ముందు చక్రం ఇరుసుకి ఆయనే చేసిన నట్టు ఇదే రకం, ఇది దానికి జోడు. దాన్ని ఎవరైనా అందరిలాగా కుడికి బిగించారో, విప్పుతున్నట్టే.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు గంటలు మాట్లాడి ఈ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోగా, ముందు చక్రం దగ్గరే మొదలుపెట్టమని తన నోటితో తనే చెప్పాడు.

ఎక్స్‌రే ఆయనకి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. తొమ్మిదోసారి భార్య వచ్చి ఏమైందని అడిగింది. నట్టుని ఆమె అరచేతిలో పెట్టి, ఎటు తిరుగుతుందో చూపించాడు. పాతికేళ్ళకు పైగా ఆ షెడ్డు పక్కనే బతికిన మనిషి, వేరే ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆమెకి అర్థమైపోయింది. చెప్పులు వేసుకుని వచ్చేసింది.

ఎక్స్‌రే ఆయనది వేరే ఊరు. బస్సులో గంటన్నర. దారి ఎక్కడైనా మర్చిపోతాడేమోనని భార్య ఆయన చొక్కా అంచు పట్టుకునే కూర్చుంది. ఆయన ఫోను చేస్తూనే ఉన్నాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి రోడ్డు పక్కకి చూసేవాడు, ఎక్కడైనా జనం గుమిగూడి ఉన్నారేమోనని. ఒకచోట నిజంగానే గుమిగూడి ఉన్నారు. ఆయన లేచి నిలబడిపోయాడు. పుచ్చకాయల బండి బోల్తాపడిందంతే. కూర్చున్నా మోకాళ్ళ వణుకు ఆగలేదు. మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పానుగా, ఇప్పుడు నిజమైంది అనుకున్నాడు.

"అసలు ఎందుకు చేశారు ఎడమ మర?" అని భార్య మెల్లిగా అడిగింది. "అలా చెయ్యాల్సిన అవసరం ఉందా దానికి?"

అవసరం ఏమీ లేదు. పదహారేళ్ళ కిందట ఆయన పనిమీద పది రోజులు వేరే ఊరెళ్తే, బావమరిది సరదాపడి ముందు చక్రం విప్పి, తిరిగి బిగించడం చేతకాక వంకరగా పెట్టాడు. వచ్చి చూసి ఈయన శివాలెత్తిపోయాడు. ఆ కోపంలోనే కొత్త ఇరుసు తరిగి, ఎడమ మర పెట్టి, ఇక ఎవడు విప్పుతాడో చూస్తానన్నాడు. విప్పబోయినవాడు బిగించుకుంటూ పోయి, రాదని వదిలేస్తాడు. అదీ ఎత్తు. బిగించబోయేవాడు కూడా ఉంటాడని ఆయనకి ఆరోజు తట్టలేదు. నాది నాది అని కాపలా పెట్టాను, ఆ కాపలా కుక్క ఇప్పుడు ఇంకొకడి మీద పడుతోంది అనుకున్నాడు. భార్య వైపు తిరగకుండా మళ్ళీ ఫోను నొక్కాడు.

ఎక్స్‌రే ఆయన ఇంటి గేటు దగ్గర వాళ్ళమ్మ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. వీళ్ళెవరో తెలిసి సంబరపడిపోయింది. పొద్దున్నే లేచి పుస్తకం ముందు పెట్టుకుని మీరు చెప్పినట్టే నట్లన్నీ బిగించాడండీ, ఇప్పుడే ఊరిచివర దాకా ఒక చుట్టు తిరిగొస్తానని వెళ్ళాడు, ఫోను ఇదిగో, ఆసుపత్రిలో లాగే మోత ఆపేసి బల్ల మీదే వదిలేశాడు, లోపలికి రండి అంది. మిల్లీమీటరు లోపలికి వెళ్ళలేదు. ఆ పెద్దావిడ కళ్ళలోకి చూడలేక రోడ్డు మీదకి వచ్చి నిలబడ్డాడు.

పావుగంట. అరగంట. అప్పుడు వినపడింది, దూరంగా, ఆయన వంచిన సైలెన్సరు గొంతు. బతికే ఉన్నాడు! రెండు చేతులూ ఎత్తి రోడ్డు మధ్యకి పరిగెత్తబోయి, చప్పున ఆగిపోయాడు. చేతులు ఊపితే కంగారుపడి బ్రేకు నొక్కుతాడు. గట్టిగా ముందు బ్రేకు పడితే ఆ వదులు చక్రం ఏమవుతుందో ఆయనకి తెలుసు. అరవకూడదు, పరిగెత్తకూడదు. భార్యని కూడా చెయ్యి పట్టి ఆపాడు. ఇద్దరూ గేటు పక్కన, ఎవరికోసమో ఊరికే ఎదురుచూస్తున్నవాళ్ళలా నిలబడ్డారు. బండి మలుపు తిరిగి కనిపించింది. ముందు చక్రం సన్నగా ఊగుతోంది. ఎక్స్‌రే ఆయన వీళ్ళని చూసి నవ్వి, చెయ్యెత్తి, మెల్లిగా వేగం తగ్గించి వచ్చి ఆగాడు. ఆ అరనిమిషంలో మిల్లీమీటరు ఊపిరి తీసుకున్నాడో లేదో ఆయనకే తెలియదు.

ఇంజను ఆగగానే మోకాళ్ళ మీద కూలబడి, ఇరుసు మీది నట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని కుడికి తిప్పాడు. పానా అక్కర్లేకపోయింది. రెండు చుట్లకే ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

ఎక్స్‌రే ఆయన మొహం పాలిపోయింది. తను పొద్దున బిగించినప్పుడు మొదట టక్కుమని కొంచెం కదిలిందని, బిగిసిందనుకుని వదిలేశానని, తన తప్పేనని నసిగాడు.

"మీ తప్పు కాదు బాబూ," అన్నాడు మిల్లీమీటరు, లేవకుండానే. "ఇది ఎడమ మర. ఇంకెవరూ ముట్టుకోకూడదని కుళ్ళుతో చేశాను. నిన్న మీకు చెప్పలేదు. నాకు మోకాళ్ళ నొప్పులు కూడా లేవు. మరుపు జబ్బు. అందుకే అమ్మాను."

ఎక్స్‌రే ఆయన బండికి రెండడుగులు వెనక్కి జరిగి, దాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. నాలుగేళ్ళు ఆశపడ్డ బండిని ఇప్పుడు పామును చూసినట్టు చూస్తున్నాడు.

"ఇలాంటివి దీంట్లో ఇంకెన్ని ఉన్నాయండీ?"

మిల్లీమీటరు నోరు తెరిచాడు. లేవు, ఇదొక్కటే అని చెబుదామనుకున్నాడు, చెప్పలేకపోయాడు. బుర్రలో వెతికాడు. ఆ కోపం రోజు గుర్తుంది, లేత్ మీద రాలిన ఇనుప రజను రంగు కూడా గుర్తుంది. ఆరోజు ఎన్ని చేశాడో గుర్తులేదు.

"తెలీదు," అన్నాడు.

బండి తిరిగి తీసుకుపొమ్మంటాడేమో అనుకుంది భార్య. ఎక్స్‌రే ఆయన ఇంట్లోకి వెళ్ళి పానాల సంచీ, తన చిన్న పుస్తకం పట్టుకొచ్చాడు. అన్నీ విప్పేద్దామన్నాడు. ఏది ఎటు తిరుగుతుందో రాసుకుంటానని, మీరు పక్కన కూర్చుని చూస్తే చాలని చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన కళ్ళముందే ఇంకొకరి పానా ఆ బండి మీద పడింది. మిల్లీమీటరు గుమ్మం మెట్టు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు.

ఫోర్కుల నట్లు ఎడమకే వదిలాయి. హ్యాండిలువి, ఇంజను బోల్టులు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఒక్కొక్కటి వదులుతుంటే ఆయన గుండె కూడా కొంచెం కొంచెం వదులవుతోంది. పొద్దున పానా అందక వదిలేసిన, వెనక బ్రేకుని పట్టి ఉంచే బోల్టు దగ్గర ఎక్స్‌రే ఆయన పానా వేసి ఎడమకి లాగాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. కదల్లేదు. అప్పుడు తలెత్తి మిల్లీమీటరు వైపు ఒకసారి చూసి, చాలా మెల్లిగా కుడికి తిప్పాడు.

వచ్చేసింది.

దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచుల నునుపు, మూలల తీరు, తన చేతిపనే, సందేహం లేదు. ఎప్పుడు చేశాడో ఎంత గింజుకున్నా గుర్తురాలేదు. భార్య వచ్చి పక్కన కూర్చుని ఆయన చొక్కా అంచు పట్టుకుంది.