చెమట మేడమ్

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన మాకు శిక్షణ ఇచ్చిన ఆవిడను వెనకాల చెమట మేడమ్ అనేవాళ్ళం. టీకాల పెట్టెలో పెట్టే ఐస్ ప్యాకుల్ని ఫ్రీజరులోంచి తీసి బల్ల మీద పరిచాక, వాటికి చెమట పట్టేదాకా ఎవర్నీ కదలనిచ్చేవారు కాదు. ఒక్కో ప్యాకునూ చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళ చప్పుడు వినమనేవారు. చల్లదనం తగ్గితేనే కాదు, ఎక్కువై గడ్డకట్టినా కొన్ని టీకాలు పనికిరావు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చెప్పింది ఇదే. మాకు నవ్వొచ్చేది.

ఒక గురువారం నాకు ఆలస్యమైంది. రాయిలా ఉన్న ప్యాకుల్నే పెట్టెలో కుక్కి పరిగెత్తాను. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. తొమ్మిది మంది పిల్లలకు సూదులు వేశాక చూస్తే, మిగిలిన సీసా గడ్డకట్టి ఉంది. వాడేసిన సీసాలూ పెట్టెలో దాని పక్కనే ఉన్నవే.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెప్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. మధ్యాహ్నం దాకా దాచాను. చివరకు మేడమ్‌కు చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంటింటికీ వెళ్ళి నువ్వే చెప్పాలమ్మాయ్. వేసింది పనిచేయకపోవచ్చు, మళ్ళీ వేయాలి, తప్పు నాది అను. నేను వెనకాల ఉంటా."

ఎనిమిది ఇళ్ళవాళ్ళు సణుక్కుంటూనే పిల్లల్ని తెచ్చారు. తొమ్మిదోది మెట్ల కింది గది. కొళాయిలు బాగుచేసే ఆయన, మూడు నెలల కూతుర్ని భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మీరు పని నేర్చుకోడానికి మా పిల్లే దొరికిందా? ఇంక సూది మాటెత్తకండి," అని తలుపేశాడు.

ఉద్యోగం పోలేదు గానీ, వేరే ఊరికి బదిలీ చేశారు. నా టీకాల పుస్తకంలో ఆ పాప పేరుకు ఎదురుగా ఒక్క గడి ఖాళీగా మిగిలింది. పుస్తకం ఆవిడకు అప్పగించి, హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆరేళ్ళకు ఆవిడ రిటైరయ్యారు, ఆ పాత ఊళ్ళోనే శిక్షణ పని నాకొచ్చింది. ఆవిడ బీరువా సర్దుతుంటే ఆ పాత పుస్తకం దొరికింది. పాప పేరు కింద ఆవిడ సన్నటి అక్షరాలు, తేదీలన్నీ గురువారాలే. తలుపు తీయలేదు. తీయలేదు. కిటికీలోంచి మాట్లాడాడు. పాపకు జలుబు. లోపల కూర్చోమన్నాడు. పదిహేడో వారం, ఖాళీ గడిలో టిక్కు.

వెంటనే ఫోన్ చేశాను.

"పాపకు టీకా వేయించారని నాకెందుకు చెప్పలేదు మేడమ్?"

"నువ్వెప్పుడైనా అడిగావా అమ్మాయ్?" అన్నారు.